దొర బండి చప్పుడు

ఆ మోటారు సైకిలును షెడ్డులోంచి బయటికి లాగిన రోజు దాని సైలెన్సరులోంచి ఒక మట్టిగూడు, రెండు ఎండిన బల్లులు, గుప్పెడు సజ్జపొట్టు రాలాయి. సజ్జపొట్టు ఎలుకల పని. బల్లులు ఎందుకు చచ్చాయో నాకు తెలియదు. మిషను కాంపౌండు చూసుకునే అయ్యగారు ముక్కుకు తువాలు అడ్డం పెట్టుకుని నిలబడి, "పాత ఇనుముకు గూడా దీన్ని ఎవరూ ఎత్తుకోని పోల్యా నాయనా. నువ్వేం చేసుకుంటావు?" అన్నారు.

"నడుపుతానయ్యగారూ" అన్నాను.

"నడిస్తే సంతోషమే. ఊరికే తీసుకో. ఆ పక్క పల్లెల్లో మనోళ్ళు ఉండారు, అప్పుడప్పుడు పోయి చూసి రా."

గంగిరెద్దులా తల ఊపాను. బండి ఇస్తానంటే ఆ వేళ నేను దేనికైనా ఊపేవాణ్ణి.

అది దొర బండి. దొర అంటే మా మిషను డాక్టరు. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న బండ్లలో ఒకటి తెచ్చుకుని ఏడెనిమిదేళ్ళు మా పల్లెలన్నీ తిరిగాడు. ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన ఏడాది ఆయన తన దేశం వెళ్ళిపోయాడు. బండి షెడ్డులో ఉండిపోయింది. దానికి వెనక అటొకటి ఇటొకటి రెండు రేకు పెట్టెలు. ఒకదాంట్లో పాలపొడి, ఇంకోదాంట్లో మందులు ఉండేవి.

దాని చప్పుడు రెండు మైళ్ళ అవతలి నుంచే వినిపించేది. సైలెన్సరు లోపలి రేకు ఆయన కాలంలోనే తుప్పుపట్టి ఊడిపోయింది. చెట్టూ చేమా లేని మెట్టనేల మా వైపు, చప్పుడు పుడితే అడ్డుకునేది ఏదీ లేదు. ఆ డబడబ వినపడగానే ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసి గిన్నెలు, చెంబులు పట్టుకుని రోడ్డు మీదికి ఉరికేవాళ్ళు. మేం పిల్లలం వాళ్ళకంటే ముందు. దొర మమ్మల్ని వరసగా నిలబెట్టి ఒకే స్పూనుతో అందరి నోట్లో చేపనూనె పోసేవాడు. సరైన తిండి లేక సందెవేళకు మా కళ్ళు ఆనేవి కావు. రేచీకటి. ముదిరితే పగటి చూపు కూడా పోతుంది. ఆ నూనె వరసగా పడితే కొన్ని వారాలకు మళ్ళీ చుక్కలు కనిపించేవి. నాకు కనిపించాయి.

అవును, ఆ వరసలో గిన్నె పట్టుకుని నిలబడ్డవాళ్ళలో నేనొకణ్ణి. నాయనా అమ్మా కూలికి పోయేవాళ్ళు. మిషను బోర్డింగులో చదివి, టీచరు ఉద్యోగం తెచ్చుకుని, పామిడిలో కాపురం పెట్టాక ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఆమెది తాడిపత్రి, వాళ్ళ నాయనకు రైల్వేలో పని, ఇంట్లో ఏ పూటా పొయ్యి ఆరింది లేదు. కరువు మాట వస్తే నేను పేపర్లో చదివినవాడిలా మాట్లాడేవాణ్ణి. ఆ చప్పుడు వెంట పరిగెత్తినవాడికి ఎప్పటికైనా దానిమీద ఎక్కి కూర్చోవాలని ఉంటుంది. ఉండటం తప్పు కాదని ఇప్పటికీ అనుకుంటాను. తప్పులన్నీ ఎక్కిన తర్వాతివి.

బాగుచేయడానికి ఎనిమిది నెలలు పట్టింది. వసారాలో బండలమీద గోనెసంచులు పరిచి విప్పడం మొదలుపెట్టాను. పిస్టను సిలిండరుకు అతుక్కుపోయింది. ప్లగ్గు రంధ్రంలోంచి కిరసనాయిలు పోసి, వారం రోజులు రోజూ పొద్దున కిక్కు మీద నిలబడి ఒళ్ళంతా ఊగేవాణ్ణి. ఎనిమిదో రోజు అది ఒక్క అంగుళం దిగింది. ఆ అంగుళానికి నేను వేసిన కేకకు పక్కింటివాళ్ళు పాము కనిపించిందేమోనని కర్రలు పట్టుకొచ్చారు. పెట్రోలు ట్యాంకు లోపలంతా తుప్పు. చింతపండు పులుసు పోసి, తాడిపత్రి నుంచి తెచ్చిన బండరాతి పెళ్ళలు అందులో వేసి, నేనొక పక్క మా ఆవిడొక పక్క పట్టుకుని పొట్టు చెరిగినట్టు ఊపాం. క్లచ్చి ప్లేట్లలో బెండు అరిగిపోతే మందుసీసాల బిరడాలు కోసి దిగ్గొట్టాను. సిలిండరు కింద వేసే అట్ట దొరకక స్కూలు హాజరు పుస్తకం అట్ట చించి, నూనెలో నానబెట్టి కత్తిరించాను. ప్లగ్గుకు కరెంటు పుట్టించే మాగ్నెటో మాత్రం నా వల్ల కాలేదు. గుంతకల్లులో రైల్వే కరెంటు పని తెలిసిన ఒకాయన దానికి కొత్తగా తీగ చుట్టిచ్చాడు.

"ఈ బండికి చేసే సేవ నాకు చేసింటే ఈపాటికి నాకు గుడి కట్టినట్లుండు" అనేది మా ఆవిడ. అంటూనే మసిగుడ్డలు ఉతికి ఆరేసేది.

మందుల పెట్టె తుప్పుపట్టి మూసుకుపోయింది. ఉలితో తెరిస్తే అడుగున సీలు తీయని రెండు డబ్బాలు ఉన్నాయి. మీద అచ్చు ఇంకా చదవవచ్చు. నేను చదివాను కూడా. చేపనూనె. ఇంగ్లీషు రాక పొరపాటు చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు, స్కూల్లో పిల్లలకు నేను చెప్పేదే ఇంగ్లీషు. తోలు సీటు ఎండి పగుళ్ళు బారి ఉంది. ఎండిన తోలుకు చేపనూనెను మించింది లేదని చెప్పులు కుట్టే పెద్దాయన ఎప్పుడో అన్న మాట గుర్తుకొచ్చింది. రెండు డబ్బాలూ పది రోజులపాటు ఆ సీటుకు పట్టించాను. దప్పికగొన్నట్టు తాగింది తోలు. మెత్తబడి, నల్లగా మెరిసింది. వీధిలో పిల్లులన్నీ వచ్చి దాన్ని నాకుతుంటే మా ఆవిడ చీపురు పట్టుకుని కాపలా కాసింది.

ఏళ్ళ తరబడి షెడ్డులో మగ్గిన నూనె, అదెట్లాగూ చెడిపోయి ఉంటుందని ఆ తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. కావచ్చు. కానీ సీలు తీసి వాసన చూసినరోజు నేను ఆలోచించింది తోలు గురించే, ఇంకెవరి గురించీ కాదు.

మార్చిలో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, ఇస్త్రీ ప్యాంటు వేసుకుని బయల్దేరాను. తాడిపత్రిలో మామగారి ముందు దిగాలని ఆశ. మొదటి కిక్కుకే అంటుకుంది. ఎనిమిది నెలలు నేను ఒళ్ళు హూనం చేసుకుంది ఆ చప్పుడు కోసమే. అదే డబడబ, చిన్నప్పుడు విన్నదే, ఏమీ మారలేదు. పెన్న ఇసుకలో నీటిచెలమ తోడుతున్నవాళ్ళు తలలెత్తి చూశారు. నాకు బండి నేల మీద నడుస్తున్నట్టు లేదు.

ఆ ఏడు వానల్లేవు. రోడ్డుకు రెండువైపులా శనక్కాయ చేలు మొలకెత్తి మొలకెత్తకముందే మాడిపోయి, అప్పటినుంచీ బీడుపడి ఉన్నాయి. పది మైళ్ళు పోయాక ఒక పల్లె వచ్చింది. అక్కడ రోడ్డు నిండా జనం. ఏదో జాతర అనుకుని బ్రేకు వేశాను. దగ్గరికి వచ్చాకగాని వాళ్ళ చేతుల్లో ఉన్నవి కనిపించలేదు. గిన్నెలు, చెంబులు, సొట్టపోయిన డబ్బాలు. చంకల్లో పిల్లలు. వాళ్ళు నాకోసమే నిలబడ్డారు.

చప్పుడు విని వచ్చారు. దొర వెళ్ళి ఇన్నేళ్ళయినా ఆ చప్పుడు మరిచిపోలేదు.

"దొర యాడికి పోయినాడు సామీ? నిన్ను పంపించినాడా?" అని ఒకామె అడిగింది.

"కాదమ్మా, నేను టీచర్ని. ఊరికే పోతాండా" అన్నాను. నోట్లోంచి మా ఊరి మాటే వచ్చింది, దానికి కూడా సిగ్గేసింది.

జనం ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. ఒక అవ్వ మాత్రం కదల్లేదు. ఆరేళ్ళ పిల్లను చెయ్యి పట్టుకుని బండి చుట్టూ తిరిగింది. ఆ పిల్లకు తల్లీ తండ్రీ లేరట, అవ్వే సాకుతోంది. సందకాడ అయితే గోడ పట్టుకుని నడుస్తోందట. "చేపనూనె ఒక్క గరిటె పొయ్యి సామీ. ఇట్లనే దీని నాయనకు దొర పోసినాడు, బాగైపోయినాడు."

"నా దగ్గర లేదవ్వా."

అవ్వ సీటు మీదికి వంగింది. ముక్కు పెట్టి వాసన చూసింది. నిటారుగా నిలబడి నా మొహంలోకి చూసింది.

"ఉండాది సామీ. వాసన వస్తాంది గదా. ఈడనే యాడనో ఉండాది. లేదనొద్దు, నీ కాళ్ళు మొక్కుతా."

నేను ఆ నూనె మీద కూర్చుని ఉన్నాను. ఎండకు తోలు వేడెక్కి వాసన గుప్పుమంటోంది. అవ్వ వంగి రెండు పెట్టెలూ తెరిచి చేత్తో తడిమింది, నేను వద్దనలేదు. లోపల మా మామగారికని మా ఆవిడ చేసిన పప్పుబెల్లం ఒలిగలు ఉన్నాయి. అవ్వ వాటిని ముట్టుకోకుండా మూత వేసింది. తోలుకు పూశానని చెప్పవలసింది అప్పుడు. "వచ్చే ఆదివారం తెస్తానవ్వా, తప్పకుండా తెస్తా" అన్నాను.

"ఆదివారం" అంది అవ్వ పిల్లతో. "ఇన్నావా? ఆదివారం తెస్తాడంట సారు."

పిల్ల బండి వైపు చెవి పెట్టి నిలబడింది. కిక్కు కొట్టగానే ఉలిక్కిపడి, ఆ తర్వాత నవ్వింది.

తేవడం ఏమంత కష్టం? అనంతపురం పెద్దాసుపత్రిలో అడిగితే ఇస్తారు. బస్సెక్కితే ఒక పూట పని. లేదంటే అయ్యగారితో చెబితే మిషను నుంచి తెప్పించేవారు. అయ్యగారితో చెబితే పెట్టెలో ఏమేమి ఉన్నాయని అడుగుతారేమోనని భయం. ఆసుపత్రికి వెళితే గిన్నెకు బదులు సీసా పట్టుకుని వరసలో నిలబడాలి. ఆ వరసను ఈ జన్మకు దాటేశాననుకున్నవాణ్ణి. సోమవారం వెళ్దామనుకున్నాను. బుధవారం అనుకున్నాను. శనివారం వచ్చింది, నూనె లేదు, ఆదివారం ఇంట్లోనే కూర్చున్నాను. తలనొప్పి అని మా ఆవిడతో చెప్పాను.

తర్వాతి వారం ఏం చేశానో రాయడానికే ఈ కథంతా. సైలెన్సరు విప్పాను.

సన్న బెజ్జాలు కొట్టిన రేకు గొట్టం ఒకటి చేశాను. దాని చుట్టూ లేతు మిషను దగ్గర రాలే ఇనపరజను దట్టంగా చుట్టి, సైలెన్సరులో దూర్చి, మూతి బిగించాను. ఒకసారి చాలలేదు. మళ్ళీ విప్పి ఇంకొంత రజను కూరాను. నాలుగు సాయంత్రాలు పట్టింది. ఐదో సాయంత్రానికి బండి కుట్టుమిషనులా మెల్లగా కూసింది. ఇరవై గజాల దూరంలో వసారాలో కూర్చున్న మా ఆవిడకు సరిగా వినపడలేదు. స్కూల్లో తోటి టీచర్లు వచ్చి చూసి, "ఏమప్పా, కొత్త బండ్లకు గూడా ఇంత నెమ్మది లేదే!" అని మెచ్చుకున్నారు. ఆ మెప్పును నవ్వుతూ తీసుకున్నాను. నేను చేసిన పనుల్లోకెల్లా నేర్పుగా చేసింది అదే. ఒక ముసలిదాన్నీ ఒక పసిపిల్లనూ తప్పించుకోవడానికి చేసింది.

మూడు ఆదివారాలు ఆ పల్లె మీదుగా తాడిపత్రికి వెళ్ళాను. వేరే రోడ్డు లేదు. ఒక్కరూ బయటికి రాలేదు. ఊరు దాటేదాకా ఊపిరి బిగబట్టేవాణ్ణి. మూడుసార్లూ ఆ పిల్ల కనిపించింది. ఊరి మొదట్లో, రోడ్డు పక్కన బండమీద ఒక్కతే కూర్చుని ఉంది. తల వంచుకుని ఏదో ఆడుకుంటున్నట్టు కనిపించింది. హాయిగా ఆడుకుంటోంది, అంటే బాగానే ఉందన్నమాట, అని సర్దిచెప్పుకున్నాను. అబద్ధం చెప్పడానికి ఎదురుగా మనిషి ఉండక్కర్లేదు.

నాలుగో ఆదివారం సరిగ్గా ఆ బండ ముందే చైను ఊడింది. ఇంజను ఆపి, మోకాళ్ళమీద కూర్చుని, చైను పళ్ళమీదికి ఎక్కించసాగాను.

"ఎవరన్నా అది?" అంది పిల్ల. "సైకిలు చైను ఊడిందా?"

తలెత్తాను. పగలు పదకొండు గంటలు, నెత్తిన ఎండ. ఆ పిల్ల నాకు రెండు బారల దూరంలో ఉంది, మొహం మాత్రం రోడ్డుకు అవతల చేను వైపు ఉంది. కనుగుడ్ల మీద తెల్లటి పొర.

"అవునమ్మా, సైకిలే" అన్నాను.

"దావలో దొర బండి ఏమన్నా కనపడిందా అన్నా?"

మళ్ళీ చైను మీదికి వంగాను. అంతలో, బండిని చూసి ఎవరో చెప్పారేమో, కూలిపని వదిలేసి ఊళ్ళోంచి అవ్వ పరుగులాంటి నడకతో వచ్చింది. నన్ను చూసి రెండు చేతులూ జోడించింది.

"వచ్చినావా సామీ! ప్రతి ఆదివారం పొద్దన్నే దీన్ని ఈడ కూసోబెడతాండా. నేను కూలికి పోవల్ల గదా. దీనికి కండ్లు లేకపోయినా చెవులుండాయి, సప్పుడు ఇనపడితే గట్టిగా అరువు అని చెప్పినా. ఎవరో చెప్పినారు, నీ బండి పోయిందని. నిద్రపోయినావేమే ముండా అని రెండు దెబ్బలు గూడా ఏసినా సామీ."

"నిద్రపోల్యా అవ్వా" అంది పిల్ల. "కుట్టుమిషను మాదిరి ఏందో పోయింది అంతే. దొర బండి రాల్యా."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆరేళ్ళ పిల్ల చెప్పింది, నేను చేసిన పని చప్పుడుతో సహా చెప్పింది. నేను మాత్రం, "రేపు పొద్దున తయారుగా ఉండండి, అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోతాను" అన్నాను.

మరునాడు స్కూలుకు సెలవు పెట్టి బస్సులో తీసుకెళ్ళాను. వరసలో నిలబడ్డాను, నా చేతిలోనూ ఒక సీసా ఉంది. డాక్టరు పిల్ల కనురెప్పలు పైకెత్తి చూసి, ఎడమ కన్ను పోయిందన్నాడు. కుడికంటితో వెలుగూ నీడా తెలిస్తే తెలుస్తుందన్నాడు. మూడు నాలుగు వారాల ముందు తెచ్చి ఉంటే బాగయ్యేదని నాతోనే అన్నాడు. అవ్వ పక్కనే ఉంది, వింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అవ్వ ఎదురుసీటు వాళ్ళకు నన్ను చూపించి, ఈ సారు దేవుడు, పిలవకుండానే వచ్చి మమ్మల్ని తీసుకపోయినాడు, మందు ఇప్పిచ్చినాడు అని చెప్పింది. చెప్పి, పిల్ల వైపు తిరిగింది. ఏడుస్తూ తిట్టింది.

"ఇన్నావా డాక్టరు ఏమన్నాడో? మూడు వారాలంట. ఆ మూడు వారాలు నువ్వు పోగొట్టుకున్నవే. సారు వస్తానే ఉండె, నువ్వే ఇనల్యా. చెవిటిదానా."

"ఇంటానే ఉంటి అవ్వా" అంది పిల్ల. "ఆ సప్పుడు రాల్యా."

"మళ్ళీ అదే మాట!"

ఆ పిల్ల మాట నిజమని ఆ బస్సులో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చెబితే అవ్వ నన్నేం చేస్తుంది? తిడుతుంది, మన్ను పోస్తుంది. దానికి కూడా నాకు గుండె చాలలేదు. నోరు విప్పితే దేవుడు కాకుండా పోతానేమోనన్న భయం కూడా ఎక్కడో ఉందేమో, లేదని ఒట్టు వేయలేను. ఆ పిల్ల ఇంకో రెండుసార్లు అదే మాట అని, ఇక అనడం మానేసింది. కాసేపటికి, "నేనే ఇనల్యానేమో అవ్వా" అంది.

అప్పుడు కూడా చెప్పలేదు.

పామిడిలో దిగాం. వాళ్ళ ఊరి బస్సు ఎక్కించాలని నిలబడ్డాను. అవ్వ నాకు దండం పెట్టింది. పిల్లను కూడా పెట్టమంది. పిల్ల చేతులు జోడించింది గాని, నేను ఎటు ఉన్నానో తెలియక బస్టాండు స్తంభం వైపు తిరిగింది. అవ్వ దాని భుజాలు పట్టుకుని నావైపు తిప్పి, సరిగా నిలబెట్టింది.